ఎడమకాలికి పని చెప్పిన రోజు

ఈ బ్లాగులో ఇంతకుముందు రాసింది నా బిడ్డ సంధ్య. సోలాపూర్ నుంచి బండి తీసి ఎక్కడికి పోయినా దారి ఎలా ఉంది, టీ ఎక్కడ బాగుంది అని రాసేది. పోయిన వానాకాలం డెంగీ జ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. ఇరవై ఆరేళ్లు. నేను తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. సోలాపూర్ నీలం నగర్‌లో ఇరవై ఏళ్లుగా గుంటమగ్గం మీద చీరలు నేస్తున్నాను. రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఈ ఒక్క ప్రయాణం తను రాయాల్సింది. తను లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

సంధ్య ఆడవాళ్లకు కారు నేర్పేది. నాకూ నేర్పి, పట్టుబట్టి లైసెన్సు తీయించింది. పుణె దారిలో స్పోర్ట్స్ కారును పద్ధతిగా నడపడం నేర్పే ట్రాక్ ఒకటి ఉందని, ఒక పూట శిక్షణకు ఇరవై రెండు వేలు కట్టి తేదీ తీసుకుంది. ఆ తేదీ రాకముందే పోయింది. వాళ్లు ఫోన్ చేసినప్పుడు సంగతి చెప్పాను. లైసెన్సు ఉన్న ఇంటివాళ్లు ఎవరైనా ఏడాదిలోపు రావచ్చన్నారు. ఆ ఏడాది ఇంకో నెలలో అయిపోతుందనగా నేనే ఫోన్ చేసి వస్తానన్నాను. పక్క సీట్లో కూర్చుని చూసి రావడానికి కాదు, నా బిడ్డ నడపాలనుకున్న బండిని నడిపి రావడానికి. సంధ్య పోయినప్పటి నుంచి నేను స్టీరింగు ముట్టలేదు. తన చిన్న కారు మీద గుడ్డ కప్పి అలాగే ఉంచాను.

పొద్దున ఆరు గంటల బస్సు పట్టుకున్నాం. తోడుగా మా అన్న భార్య అంబుబాయి వదిన వచ్చింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది, బీడీలు చుడుతుంది. ఆడవాళ్లకు సగం టికెట్టే, ఒక్కొక్కరికి నూట యాభై దాకా అయింది. ఇందాపూర్ దాటాక వదిన కడక్ జొన్నరొట్టె, పల్లీల చట్నీ విప్పింది.

"సరూ, నీ వల్ల నాకు ఒక రోజు బీడీలు పోయినయ్. ఆ కారు నచ్చకపోతే వాపస్ వచ్చేద్దాం, సరేనా?"

"నచ్చకపోతేంది వదినా, మనం పోయేది పెళ్లిచూపులకా?"

పదింటికి ముందే చౌఫులాలో దిగి ఆటో మాట్లాడుకున్నాం, రెండు వందలు. ట్రాక్ పేరు చెప్పగానే ఆటో అతను మమ్మల్ని పైకీ కిందికీ చూసి, "వంట పనికా?" అన్నాడు. వదిన ఊరుకుంటుందా?

"వంట కాదు నాయనా, కారు నడపనీకి వచ్చింది. కావాలంటే నీ ఆటో గూడ నడుపుతది, దిగు."

అతను నవ్వి, దించేటప్పుడు ఇరవై తగ్గించాడు.

నేర్పే ఆమె పేరు అనఘ, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నన్ను మావశీ అని పిలిచింది, అంటే మరాఠీలో పిన్ని. ఆమె మరాఠీలో అన్న మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. కారు పసుపు రంగుది, నేలకు అంటుకున్నట్టు ఉంది. తలుపు తీస్తే ఎక్కడానికి ఏమీ లేదు, లోపలికి దిగాలి. గుంటమగ్గంలోకి దిగినట్టే సగం శరీరం నేలలోకి పోయింది, నాకు భలే హాయిగా అనిపించింది. ఇంజను మన వీపు వెనకాల ఉంటుంది. దాన్ని మొదలుపెట్టగానే వచ్చిన గుర్రు నా పక్కటెముకల్లోకి పాకింది. అనఘ ముందు తను రెండు రౌండ్లు తిప్పి చూపింది. అంత వేగంలో ఆమె చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయో చెప్పలేను. పోగు తెగకుండా నూలు కండె మార్చే చేతులు అలా ఉంటాయి. అంత పనితనం నేను మగ్గం మీద తప్ప ఎక్కడా చూడలేదు.

తర్వాత నా వంతు. ఆ బండికి క్లచ్ లేదు, ఎడమకాలికి పనే లేదు. తిన్నని దారిలో అరవైకి వచ్చాక అనఘ, "ఇప్పుడు కుడికాలు తీసేయండి" అంది. తీశాను. బండి గోడకు గుద్దినట్టు ఆగింది. వెనక భాగం పక్కకు తిరిగి, దారి గుర్తుకు పెట్టిన ప్లాస్టిక్ కోన్లు నాలుగు ఎగిరిపోయాయి.

"మావశీ, బ్రేక్ ఎవరు వేశారు?"

"నేను కాదు" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"నేనూ కాదు. నా వైపు బ్రేకే లేదు."

రెండోసారీ అదే జరిగింది. అప్పుడు కిందికి చూసుకున్నాను. నా ఎడమకాలు బ్రేకు మీద ఉంది. మగ్గం కింద రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒక కాలు లేస్తే రెండో కాలు దిగాలి, అప్పుడే పడుగు దారాలు విడివడి, అడ్డపోగు తీసుకుపోయే నాడెకు దారి దొరుకుతుంది. ఇరవై ఏళ్లు అలా తొక్కిన కాళ్లు నన్ను అడిగి దిగుతాయా? సంధ్య కారులోనూ ఇదే తప్పు చేసేదాన్ని. అక్కడ క్లచ్ మీద పడేది కాబట్టి బండి ఊరికే జారేది. "అమ్మా, మగ్గం దిగవే!" అని నా బిడ్డ అరిచేది.

అనఘ బండి పక్కకు పెట్టించింది. "ఇలాగైతే మిమ్మల్ని వేగంగా నడపనివ్వలేను. చివరి రౌండ్లు నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి" అంది. కోప్పడలేదు, కానీ ఆ మాటలో తిరుగు లేదు. హెల్మెట్ లోపల నా కళ్లు నిండాయి. మగ్గం సంగతి, సంధ్య సంగతి అంతా చెప్పాను. ఆమె నా కాళ్లకేసి చూసి అడిగింది.

"ఒక కాలు తొక్కుతుంటే రెండోది ఏం చేస్తుంది?"

"దాని వంతు కోసం చూస్తది."

"అయితే దాన్ని ఆపొద్దు, పని ఇద్దాం. ఎడమ మూలన ఆ పలక ఉంది చూశారా? కుడికాలు బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమకాలు ఆ పలకను అంతే బలంగా తొక్కాలి. అప్పుడు ఒళ్లు సీటులో నిలుస్తుంది, చేతులు తేలికవుతాయి."

ఇంజను ఆపి ఇరవై సార్లు తొక్కించింది. వదిన బయటి నుంచి లెక్కపెట్టింది, మధ్యలో రెండు ఎక్కువే లెక్కపెట్టింది. మూడోసారి బండి తీశాను. అరవైకి వచ్చి కుడికాలు తీశాను. ఎడమకాలు దిగింది, పలక మీద. ఇంకోసారి, ఇంకోసారి. పదోసారికి అనఘ చేతులు కట్టుకుని వెనక్కి వాలింది. "పదండి మావశీ, మీరే" అంది.

నాలుగు రౌండ్లు నడిపాను. తిన్నని దారిలో నూట నలభై. మలుపుకు ముందు బ్రేకు గట్టిగా తొక్కి, తర్వాత కాలు కొంచెం కొంచెంగా వదులుతుంటే అంత బరువైన బండి తల వంచి నేను చూసిన వైపు తిరిగింది. భయం లేదని అనను. మధ్యలో ఎక్కడా ఆగలేదు, అంతే. దిగాక అనఘ నా చేయి పట్టుకుని, "మీ అమ్మాయి మీకు బాగా నేర్పింది" అంది. వదిన తీసిన వీడియోలో సగం ఆకాశం, సగం ఆమె వేలు ఉన్నాయి. నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాం.

ఈ ఏడాదంతా అందరూ నన్ను ఊరుకో, ఊరుకో అన్నారు. ఊరుకోవడం నాకు చేతకాలేదు. ఊరుకోలేని కాలికి పని ఇచ్చిన మనిషిని ఆ రోజు చూశాను. మరునాడు పొద్దున సంధ్య కారు మీది గుడ్డ తీసి దుమ్ము తుడిచాను. బీడీలు అప్పగించడానికి వదినను కార్ఖానాకు ఎక్కించుకుపోతుంటే, "నూట నలభై పోయినదానివి, గింత మెల్లగ పోతవేందే?" అని దారంతా సతాయించింది. ఆ ట్రాక్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అడుగు పల్చగా ఉన్న బూట్లు వేసుకుపోండి, మందమైన బూట్లలో బ్రేకు ఎంత తొక్కామో కాలికి తెలియదు. నేను వేసుకున్నవి సంధ్యవి. ముందు కాస్త వదులయ్యాయి, లోపల రెండు జతల మేజోళ్లు వేసుకుంటే సరిగ్గా సరిపోయాయి.