మెలిక లేదన్నాను

ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఇది. మీకు చెబుతాను గానీ నా పేరు చెప్పను. మీరు ఎవరితో అంటారో అని అనుమానం. నా బుద్ధే అంత. కొట్లో ఇచ్చిన చిల్లర అక్కడే రెండుసార్లు లెక్కపెడతాను. ధవళేశ్వరంలో మా కాలువల ఆఫీసులో దీని మీద నన్ను ఆటపట్టించని వాళ్లు లేరు.

అప్పట్లో క్రెడిట్ కార్డులు ఇస్తామంటూ ఒకాయన టై కట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. మొదటి ఏడాది ఫీజు లేదట, నెలన్నర దాకా వడ్డీ లేదట. ఊరికే ఎవరిస్తారు? కాగితం ఇంటికి పట్టుకెళ్లి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివాను. దొరికింది. కార్డు పెట్టి ఏటీఎం మెషీన్లో డబ్బు తీస్తే మాత్రం ఆ రోజు నుంచే వడ్డీ. కట్టకపోతే ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ.

పక్క టేబుల్ సూర్యారావు గారికి ఇంటి స్లాబుకు డబ్బు కావాలి. కార్డుతో తీయాలనుకుంటున్నారని నాకు తెలుసు.

"మీరు చదివారు కదండీ. ఏమైనా మెలిక ఉందంటారా?" అని అడిగారు.

"ఏం లేదండీ. సంతకం పెట్టేయండి" అన్నాను.

"మరి మీరు తీసుకోరేంటండీ?"

"వచ్చే నెల చూస్తానండీ."

ఎందుకలా అన్నాను? ఆయన మీద కోపం లేదు. కాగితం మీద రాసినంత మాత్రాన నిజంగా వసూలు చేస్తారా, ఉత్త భయంతో మంచి అవకాశం పోగొట్టుకుంటున్నానా, ముందు ఇంకొకరు తీసుకుంటే తెలిసిపోతుంది కదా అనుకున్నాను. నెలనెలా ఆయన బిల్లు అడిగి మరీ చూశాను. నా అనుమానమే నిజమైనందుకు లోపల సంతోషించాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ బాకీ తీర్చడానికి ఆయన ఇంకో కార్డు తీసుకున్నారు. వసూలుకొచ్చినవాళ్లు అందరి ముందూ ఆయన్ని "నువ్వు" అన్నారు. అంత పెద్దమనిషిని. నేను ఫైల్లోంచి తల ఎత్తలేదు. చివరికి స్లాబు వేసిన ఆ ఇల్లే అమ్మేసి, జంగారెడ్డిగూడెం బదిలీ చేయించుకున్నారు.

వెళ్లే రోజున, కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి, "ఎక్కడైనా సంతకం పెట్టేముందు ఈయన్ని అడగండమ్మా" అన్నారు.

వెటకారమా? ఆ ముఖం ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో. అయ్యుంటే బాగుండేది. కాదు, నమ్మే అన్నారు.

ఆ పిల్లలు నిజంగానే కాగితాలు తెచ్చేవారు. చదివి ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. "సూర్యారావు గారి పుణ్యమా అని మీరు దొరికారండీ" అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. ఆ ఊపిన తల సంగతి ఇవాళ మీకు చెప్పాను. క్షమించమనడం లేదు. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.