అందరికన్నా వెనక పరుగెత్తిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. ఉగాది ఇంకా నెల ఉందనగా జ్వరం తగిలింది. ఆత్మకూరు ఆసుపత్రికి బండి కట్టేలోపే ప్రాణం పోయింది. మా నాయనకు తమ్ముడే అయినా, ఊహ తెలిసినప్పటి నుంచి నాకు నాయన అంటే ఆయనే.

మా పల్లెల్లో ఉగాది ముందర ఒక పందెం జరుగుతుంది. మగవాళ్లు కొండ కింద బయలుదేరి, నల్లమల ఎక్కి దిగి, శ్రీశైలంలో మల్లన్నకు మొక్కి మళ్లీ పరుగున రావాలి. మూడు రోజుల పరుగు. ముందొచ్చినవాడికి వెండి కడియం. నేను ఉయ్యాలలో ఉండగా ఆ పందేనికి పోయిన మా నాయన తిరిగి రాలేదు. భీముని కొలను లోయలో తప్పిపోయాడన్నారు. ఊరంతా వెతికినా శవం దొరకలేదు.

మరుసటి ఏడు నుంచి చిన్నాయన పరుగెత్తసాగాడు. కుందేలును తరిమి పట్టగల కాళ్లు ఆయనవి. అయినా ఏటా అందరికన్నా చివర వచ్చేవాడు. లోయ లోయకూ ఆగి "అన్నా" అని కేకేసేవాడట. నడుముకు రెండు సద్దిమూటలు, ఒకటి తనకు, ఒకటి అన్న దొరికితే అన్నకు. కుర్రకారు ఊరుకుంటారా?

"ఏమప్పా, ఈసారీ తోకేనా?"

"ముందర పోయేటోనికి దావ ఒకటే కనపడతాదిలేప్పా. యెనకుండేటోనికి అడివంతా కనపడతాది" అని నవ్వేవాడు. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని పిన్నీసుతో అరికాళ్లలో ముళ్లు తీసుకునేవాడు. అమ్మ వేడినీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి లోపలికి పోయేది. ఏమీ అడిగేది కాదు.

పోయినేడు ఉండబట్టలేక నేనే అడిగాను. "చిన్నాయనా, నాయన బతికుండాడనేనా పోతాండావు?"

ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. "లేడు పాపా. నాకు తెలుసు. నేను పోయేది నిలిపితే మీయమ్మ గాజులు పగలగొడతారు. యెతికేటోడు ఒకడుండేదాకా ఎవురికీ నోరు రాదు."

ఆ చీరుకుపోయిన కాళ్లు పట్టుకుని ఏడ్చాను. ఇన్నేళ్లూ మా అమ్మ నుదుటి బొట్టును కాపాడింది ఆ కాళ్లే.

పెద్దకర్మ అయిన మర్నాడే ఊరి పెద్దమనుషులొచ్చారు. "ఇంగ యెతికేటోడు లేడు గదమ్మా. జరగాల్సింది జరిపిస్తాం" అన్నారు.

"ఉగాది పోనీండప్పా" అంది అమ్మ.

నిన్న పొద్దున పందెం మొదలైంది. మగవాళ్ల గుంపు దుమ్ము రేపుకుంటూ కొండదారి పట్టింది. దుమ్ము అణిగాక చూస్తే, వాళ్లకు చాలా వెనకగా, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని అమ్మ పరుగెత్తుతోంది. ఏనాడూ మగని పేరు నోట పలకని మనిషి, ఆ పేరే పెట్టి గొంతెత్తి పిలుస్తూ కొండ ఎక్కుతోంది.