వాలు అచ్చు

బందరు కలంకారీ దుకాణాల్లో ఇప్పుడు ఒక దుప్పటి దొరుకుతుంది. మూడు ఆకులు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నట్టుండే పువ్వు, దుప్పటంతా అదే. పాతకాలపు డిజైన్ అని చెప్పి అమ్ముతారు. అది పాతది కాదు. దాన్ని గీసింది నేను.

నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. సౌష్ఠవ సమూహాల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ణి. ఒకే బొమ్మ గుడ్డ మీద అన్ని వైపులా అంతులేకుండా పరుచుకుంటూ పోతుందనుకోండి. దాన్ని ఎటు జరిపితే, ఎంత తిప్పితే, ఎక్కడ అద్దం పెడితే మళ్లీ అలాగే కనిపిస్తుందో చూసి విడదీస్తే తేలేవి పదిహేడు రకాలే. పద్దెనిమిదోది ఉండదు. ఉండదని రుజువుంది. అక్కడ ఆగి, గొంతు పెంచి, "ఆ పదిహేడూ మన బందరు గుడ్డ మీద ఉన్నాయి" అనేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఊళ్లో సభలకు పిలిచి ఆ మాటే మళ్లీ చెప్పించుకునేవారు. నేనెన్నడూ లెక్కపెట్టలేదు. మొదటిసారి ఏదో ఊపులో అన్నాను. అనగా అనగా నాకే నిజమైపోయింది.

లెక్కపెట్టింది మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. కోడూరులో కౌలు రైతు కూతురు. పీహెచ్‌డీ కోసం సెలవు రోజుల్లో అద్దకం షెడ్లన్నీ తిరిగింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా ఎదుట కూర్చుంది.

"సార్, పన్నెండే దొరికాయండీ."

"సరిగ్గా చూసుండవమ్మా."

"చూశానండీ. మూడో వంతు తిప్పితే మళ్లీ కలిసే రకం ఒక్కటీ లేదు. అచ్చులన్నీ నలుచదరం కదండీ, పక్కపక్కన ఆనించి గుద్దుకుంటా పోతారు. సగం తిప్పొచ్చు, పావు తిప్పొచ్చు. మూడో వంతు ఎట్టా తిప్పుతారండీ? అందుకే ఆ అయిదు రకాలూ రాలేదు."

ఆమె చెబుతుండగానే నాకు అర్థమైంది. అంత తేలిక విషయం ఇన్నేళ్లూ తట్టనందుకు సిగ్గుపడాల్సింది. కోపం వచ్చింది.

"ఉంది. మొవ్వలో ఒక ఇంట్లో చూశాను. తెచ్చి చూపిస్తాలే" అన్నాను.

అన్నాక తేవాలి కదా. కాగితం మీద గీసుకుని అచ్చులు చెక్కే అతని దగ్గరికి వెళ్లాను. నలుచదరాన్ని ఒక పక్కకు తోసినట్టుండే వాలు అచ్చు కావాలన్నాను. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటి మాస్టారూ, కాళ్లు వదులైన నులకమంచంలాగుంది? దీంతో గుద్దితే వరస కుదిరి చస్తదా?"

"కుదురుతుందిలే. చెక్కవయ్యా."

షెడ్డులో వాళ్లు విసుక్కుంటూనే అద్దారు. ఆ గుడ్డను కాలవలో ఉతికించాను, ఎండలో పడేయించాను, ఇంట్లో బల్ల మీద పరిచి దాని మీదే భోంచేశాను. మా ఆవిడ, "లక్షణమైన గుడ్డని ఎందుకండీ అట్టా హింస పెడతన్నారు?" అంది. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత కొద్దికాలానికి మా కాలేజీలో సెమినార్ జరిగింది. బయటి నుంచి ప్రొఫెసర్లు వచ్చారు. ఆమె తన పన్నెండింటినీ బొమ్మలతో చూపించి, మిగతావి ఎందుకు రావో వివరించింది. చక్కగా చెప్పింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే నేను లేచి వెళ్లి గుడ్డను బల్ల మీద పరిచాను.

"మొవ్వలో ఒక పాత ఇంటి నుంచి తెచ్చాను" అన్నాను.

ఒక్క గుడ్డ చాలు, 'లేదు' అన్న మాటను కొట్టెయ్యడానికి. మిగతా నాలుగూ ఏవి అని నన్నెవరూ అడగలేదు. ఆమె వచ్చి గుడ్డ అంచును చేతిలోకి తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎంత ఉతికించినా దాన్నుంచి, అద్దకానికి ముందు గుడ్డను నానబెట్టే కరక్కాయ నీళ్ల వాసన పూర్తిగా పోలేదు. పాత గుడ్డకు ఆ వాసన ఉండదని అన్ని షెడ్లు తిరిగిన మనిషికి తెలియకుండా ఉండదు. నా వైపు చూసింది. నేను నవ్వుతూ నిలబడ్డాను.

"నేను చూళ్లేదండీ సార్. నాదే పొరపాటు" అంది మైకులో.

"మొవ్వ బస్సు దొరకలేదేమోలెండి!" అని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె ఆ అధ్యాయాన్ని తీసేసింది. అది తీసేస్తే మిగిలేదేమీ లేదు. కొన్నాళ్లకు పీహెచ్‌డీ మానేసి, గుడివాడలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది.

వాలు అచ్చు షెడ్డులోనే ఉండిపోయింది. వాళ్లకు వరస పెట్టడం అలవాటైంది. కొనేవాళ్లకు నచ్చింది, ఇంకో షెడ్డువాళ్లు అలాంటిదే చెక్కించుకున్నారు. ఇవాళ ఎవరైనా వెళ్లి లెక్కపెడితే మూడో వంతు తిరిగే రకం దొరుకుతుంది. ఆమెదే తప్పు అనుకుంటారు.

ఒక దుకాణంలో ఆ దుప్పట్లు వరసగా మడతలు పెట్టి ఉండటం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ వారంలోనే గుడివాడ వెళ్లాను. ఆమె కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కూర్చుంది. అంతా చెప్పాను. అయ్యాక అడిగింది.

"అయితే నేను తిరిగినప్పుడు లేదు కదండీ?"

"లేదమ్మా."

"ఆ వాసన చూసి అనుమానం వచ్చింది సార్. మీరు అబద్ధం చెప్పరులే అనుకున్నాను. ఆ రోజు మా నాన్న వచ్చారు. మీకు తెలీదు. కూతురు మైకులో మాట్లాడతందని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. తిరిగెళ్లేటప్పుడు బస్టాండులో, 'పోన్లేమ్మా, ఒకటి కంటబడకుండా పోయుంటది. పెద్దాయన అరవకుండా నెమ్మదిగానే చెప్పారుగా' అన్నారు."

"నేను కోడూరు వచ్చి ఆయనతో మాట్లాడతానమ్మా."

"సమాధుల తోటలో ఉన్నారండీ. రెండేళ్లయింది."

గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నేనేం చేయాలో చెప్పమన్నాను.

"రాయండి. నా పేరొద్దు. నా లెక్క తప్పు కాదని రాస్తే చాలు."

ఆమె తిరిగిన నాటికి ఉన్నవి పన్నెండే. నేను చూపించిన గుడ్డ నేను చేయించింది. మొవ్వలో అలాంటి ఇల్లేదీ లేదు.