దస్తావేజులో చిన్నాయన కాలు

మా చిన్నాయన కుడికాలు చిన్నప్పుడే సన్నబడిపోయింది. ధర్మవరంలో మా వీధివాళ్లు ఆయన్ను కుంటోడనేవాళ్లు. పెద్దమనుషులు కాస్త మర్యాద చేసి అవిటివాడనేవాళ్లు. తర్వాతి రోజుల్లో వికలాంగుడనే మాట వాడుకలోకి వస్తే ఆయన నవ్వి, "మాట పొడుగైతాంది గానీ కాలు అంతే ఉండాది" అన్నాడు. మగ్గం గుంటలో కాళ్లు దింపి కూర్చున్నాక ఈ పేర్లేవీ ఆయన దాకా వచ్చేవి కావు. మా నాయన చీర నేస్తుంటే, పక్కనే కూర్చుని అంచు పోగు దూర్చే నాడె ఆడించేది ఆయనే.

యాభైల చివర్లో తాత పోయాక, అన్నదమ్ములిద్దరూ ఇల్లూ మగ్గాలూ చెరి సగం పంచుకోవాలనుకున్నారు. తాతకు తెలిసిన దస్తావేజు రాసే ఆయన పెనుకొండలో ఉంటే ముందే కబురు చేసి, బస్సెక్కి పోయాం. స్కూల్ ఫైనలు చదివిన పిల్లనని, రాత సరిచూడ్డానికి నన్నూ తీసుకెళ్లారు. ఆయన రాసిపెట్టిన దస్తావేజును నేను గొప్పగా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. "తమ్ముడు అంగహీనుడైనందున భాగమునకు అర్హుడు కాడు. అతనికి జీవితాంతము అన్నవస్త్రములు అన్న ఇవ్వవలెను" అనే చోటికొచ్చేసరికి నా గొప్పంతా దిగిపోయింది.

"ఏమప్పా, నా సగం యాడికి పాయె?" అన్నాడు చిన్నాయన.

"అది పాత చట్టం మాటబ్బా. ఇప్పుడు చెల్లదులే. మా నాయన కాలం నుంచి ఇట్లే రాస్తాండాం, చెయ్యి అట్లే పోయింది" అని రాసే ఆయన నాయన వైపు తిరిగాడు. "మీరు మీరు ఒప్పుకుంటే ఇట్లే ఉండనిస్తా."

నాయన కిటికీలోంచి కొండమీది కోటను, అప్పుడే కట్టారన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి, "కొట్టేయప్పా" అన్నాడు. "వాడు అంగహీనుడైతే నా చీరకి అంచు ఎవరు నేస్తారు?"

ఆ మాట కొట్టేసి, చిన్నాయన పేరు పక్కన వృత్తి నేత అనీ, భాగం సగమనీ తిరగరాశారు. ఈసారి నేను గట్టిగా చదివాను.

సాయంత్రం ఇంటికి పోదామంటే, హిందూపురం నుంచి వచ్చిన బస్సు కిక్కిరిసి ఉంది. ఎన్నడూ లేనిది, నాయన చిన్నాయన చెయ్యి పట్టుకుని ఎక్కించబోయాడు. చిన్నాయన మెల్లగా విడిపించుకున్నాడు.

"వదులన్నా. శానాసేపు ఆలోచిస్తివి గానీ, దస్తావేజులో నా రెండు కాళ్లూ ఉండాయి."

నాయన తల వంచుకుని ఆయన వెనకే బస్సెక్కాడు.