నూనె కొట్టు కింది వాగు

మంచు కాలంలో సంత రోజున మా సొల్‌నే బజారుకి తెల్లారడమంటే నువ్వుల పొగ లేవడమే. ఏది పొగో ఏది మంచో తెలియని తెల్లదనంలోంచి పల్లెల ఆడవాళ్లు ఒక్కొక్కరే మూటలతో బయటపడుతుంటే, వాళ్లను ఎవరో అప్పుడే నేసి పంపుతున్నట్టు ఉండేది. ఆ పొగ మల్‌సూన్ వదిన కొట్టుది. నా పరుపుల కొట్టు దానికి సరిగ్గా ఎదురు. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ పొగలోంచే లోకాన్ని చూశాను.

ఆమె పూర్తి పేరు తాక్ మల్‌సూన్, కనుమ అవతలి ఊరి పిల్ల. పెళ్లయి వచ్చిన కొత్తల్లో మాట పెగిలేది కాదు. అత్తగారు ఆమెకు నువ్వులు వేపడం నేర్పింది. గింజ చిటపటలాడినంతసేపూ గరిట ఆపకూడదనీ, గోల తగ్గి నిట్టూర్చినట్టు అయినప్పుడు దించాలనీ చెప్పింది. మల్‌సూన్ మనుషుల దగ్గరా అదే పద్ధతి పాటించింది. ఎవరెంత చిటపటలాడినా నిట్టూర్చేదాకా ఆగేది.

ఆమె కొట్టు వెనక సొల్‌నే వాగు పారేది. మా ఊరికి పేరు దాని వల్లే వచ్చింది. మేం అందులో బట్టలుతికాం, ముల్లంగి కడిగాం, ఎండుచేపల బాంగ్ చిన్నప్పుడు అందులోనే పడి పళ్లు రాలగొట్టుకున్నాడు. తర్వాత ఊళ్లోకి కార్లు వచ్చాయి. అప్పటికి కౌన్సిళ్లు లేవు, పైనుంచి వచ్చిన అధికారి మాటే మాట. వాగు మీద కాంక్రీటు కప్పేసి, పైన బళ్లు నిలిపే చోటు చేశారు. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ ఏటి శీతాకాలం నుంచి ఊళ్లో నిద్రలు చెడ్డాయి. ఎవరికీ కారణం తోచలేదు. దిండు ఎత్తయిందన్నారు, పరుపు గట్టిపడిందన్నారు. నా వ్యాపారం అంత బాగా ఎప్పుడూ సాగలేదు. కొత్త పరుపు కొన్నవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ వచ్చి, "ఇందులో దూది బదులు ముళ్లు కుక్కావా తల్లీ?" అని నిలదీసేవాళ్లు.

మల్‌సూన్ మొగుడు చాంగ్‌హో మంచి నిద్రపోతు. అతనికీ కునుకు రాలేదు. ఒకనాడు గానుగ కడిగిన నీళ్లు పోవడానికి కొట్టు లోపల వెనక మూలన నేల తవ్వుతుంటే గడ్డపార కిందికి జారిపోయింది. కాంక్రీటుకీ పాత గట్టుకీ మధ్య ఒక సందు. అందులోంచి చల్లటి గాలీ, దాని వెంట నీటి చప్పుడూ పైకి వచ్చాయి. చాంగ్‌హో ఆ సందు పూడ్చలేదు. దాని మీద చెక్క పరిచి, చెక్క పక్కన గోడవారగా పొడుగాటి బల్ల వేశాడు.

"ఇలా వచ్చి కూర్చోవే," అన్నాడట పెళ్లాంతో. "ఊరు వినిపిస్తుంది."

తర్వాత రెండేళ్లకు కాలేయం జబ్బు చేసి అతను పోయాడు. బల్ల మిగిలింది.

మా వైపు ఆడవాళ్లు నువ్వులు ఇచ్చేసి వెళ్లిపోరు. తమ నువ్వుల నూనే తమ సీసాలోకి వస్తోందో లేదో కళ్లారా చూసుకుని గానీ కదలరు. అందుకని అందరూ ఆ బల్ల మీద కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే తూగేవాళ్లు. వేడి పొయ్యి, వేగిన నువ్వుల వాసన, అడుగునుంచి ఎక్కడిదో తెలియని గుసగుస. కాపలా కాయడానికి వచ్చినవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి, నోళ్లు తెరుచుకుని, నూనెకి తెచ్చుకున్న ఖాళీ సోజు సారా సీసాలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవాళ్లు. నూనె తీసి, సీసాలు నింపి, మూతలు బిగించి మల్‌సూన్ అప్పుడు లేపేది.

"నువ్వుల్లో మత్తుమందు కలుపుతున్నావేంటి వదినా?" అనేవాడు పక్క కొట్టు బాంగ్. చాంగ్‌హోకి చిన్ననాటి నేస్తం, నోరు ఊరికే ఉండదు.

"నీ చేపల కంపుకి సోలిపోతున్నార్లే తమ్ముడూ," అనేది మల్‌సూన్.

ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ కలిపి కౌన్సిల్ ఏర్పడింది. కొన్నేళ్లకు మా వార్డు మెంబరు ఆరోగ్యం బాగోక తప్పుకున్నాడు. బజారు వాళ్లమంతా పులుసు హోటల్లో చేరాం. బట్టల వరస మనిషికి చేపల వరస ఓటెయ్యదు. చేపల వరస మనిషంటే బట్టల వరసకి పడదు. గిన్నెలు ఖాళీ అయ్యాయి, మాట తెగలేదు. అప్పుడు బాంగ్ మీసం తుడుచుకుంటూ అన్నాడు:

"నూనె వదినని నిలబెడదాం. ఆమె కొట్లో కునుకు తియ్యని ఓటరు ఈ ఊళ్లో ఉన్నాడా?"

నవ్వుకున్నాం. కానీ నవ్వాక చూస్తే కాదనే మనిషి కనపడలేదు. మల్‌సూన్ మాత్రం వద్దంది. "నాకు మాట్లాడటం రాదు," అంది.

"మాట్లాడేవాళ్లని పంపి చూశాంగా," అన్నాడు బాంగ్. "ఈసారి వినేవాళ్లని పంపుదాం."

పోస్టర్లు తనే అంటించాడు. బజారులో బళ్లు నిలపడానికి ఇంకా పెద్ద చోటు తెస్తామని తనే ఊరంతా చెప్పాడు. మల్‌సూన్ మాత్రం, ఎవరేం అడిగినా, "చూస్తాను," అనేది. గెలిచింది.

కౌన్సిల్ హాలు మేడ మీద. మధ్యాహ్నప్పూట పడమటి కిటికీల్లోంచి ఎండ వచ్చి బల్లల మీద పడుకునేది. ఆ ఎండలో సవరణలూ ఉపసవరణలూ ధూళి రేణువుల్లా తేలుతూ తిరిగేవి. మల్‌సూన్ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేది. "అక్కడ అందరూ నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంటుందే," అంది నాతో ఒకసారి. "నేనొక్కదాన్నే మెలకువగా ఉన్నానో, నాకే కల వస్తోందో తెలీదు." ఏడాది దాకా ఆమె చెయ్యి ఎత్తడమే తప్ప నోరు విప్పలేదు. పల్లె మెంబరు యొమ్, ప్రతిదానికీ అడ్డం చెప్పే ముసలాయన, ఆమెను "మా దేవతా విగ్రహం" అనేవాడు.

అప్పుడు వాగు మీద కప్పు బీటలిచ్చింది. కింది స్తంభాలు తుప్పు పట్టాయనీ, ఎలాగూ పడగొట్టాల్సిందేననీ ఇంజనీర్లు తేల్చారు. పడగొట్టి, అదే చోట అంతస్తుల పార్కింగు కట్టాలని తీర్మానం వచ్చింది. చైర్మన్ నమ్‌గుంగ్ చదివి వినిపించి, ఎవరైనా ఏమైనా అంటారా అని అలవాటు ప్రకారం అడిగాడు. అలవాటు ప్రకారం యొమ్ గొంతు సవరించుకున్నాడు. కానీ ముందు మల్‌సూన్ గొంతు వినిపించింది.

"పడగొట్టాక అలాగే వదిలేస్తే?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"వదిలెయ్యడానికి కూడా పథకం ఉండాలి మెంబరు గారూ," అన్నాడు చైర్మన్ మర్యాదగానే.

"సరే. ఓటు వేసే ముందు చోటు చూడాలని నిబంధన ఉందిగా. రండి, చూడండి."

వాళ్లు ఆషాఢపు వానలో వచ్చారు. పులుసు హోటల్లో భోజనం, బియ్యపు కల్లు అయ్యాక, పార్కింగు చుట్టూ గొడుగులతో ఒక తిరుగుడు తిరిగారు. వాన జోరందుకుంది. తలదాచుకోవడానికి దగ్గర్లో ఉన్నది నూనె కొట్టే. బల్ల మీద వరసగా కూర్చున్నారు. మల్‌సూన్ ఎవరిదో మూట విప్పి నువ్వులు పొయ్యి మీద పోసింది.

నేను నా కొట్టు గడపలోంచి చూస్తూనే ఉన్నాను. మొదట చైర్మన్ గడ్డం టై మీదికి జారింది. తర్వాత కోళ్ల ఫారం మెంబరు. తర్వాత అందరూ, గాలికి వరిచేను వాలినట్టు, ఒకే వైపుకి. వాగు నిండుగా పారుతోంది ఆ రోజు. వానా, పొయ్యీ, వాగూ కలిసి ఒకే మాట చెబుతున్నట్టు ఉంది. నువ్వులు నిట్టూర్చాయి. ఆమె దించింది. ఎవరినీ లేపలేదు.

యొమ్ తనంతట తనే లేచాడు. కాసేపు ఎక్కడున్నాడో తెలియనట్టు చుట్టూ చూశాడు.

"మా అమ్మ బట్టలు బాదుతోంది," అన్నాడు. "వాగులో, ఆ బండ మీద. చలి, పిల్లాణ్ని తీసుకుపో అంటోంది." తర్వాత సిగ్గుపడి, "కల్లు గట్టిగా ఉంది," అన్నాడు.

"కల్లు కాదు పెద్దాయనా," అంది మల్‌సూన్. వంగి మూలన చెక్క ఎత్తింది. చీకట్లోంచి చల్లగాలి వాళ్ల మొహాలకి తగిలింది. చైర్మన్ టై సర్దుకుంటూ వచ్చి సందులోకి తొంగి చూశాడు. అందరూ తలో మారు చూశారు. యొమ్ మాత్రం మోకాళ్ల మీద కూర్చుని లేవలేదు.

అంత మాత్రాన పని జరిగిపోలేదు. వాగు తెరవాలంటే గట్టు మీది వరస కొట్లన్నీ తీసెయ్యాలని ఇంజనీర్లు గీత గీసి చూపించారు. చైర్మన్ ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ కొట్టూ ఆ గీతలోనే ఉంది, చూసుకున్నారా?"

"చూశాను."

"బాంగ్ గారిదీ."

ఆ సాయంత్రం మల్‌సూన్ బాంగ్ కొట్టుకి వెళ్లింది. అతను ఎండు పొలాక్ చేపలు కట్టలు కడుతున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. బాంగ్ కట్టడం ఆపలేదు.

"ఈ చేతులేనా నీ పోస్టర్లు అంటించింది?" అన్నాడు చివరికి.

"ఈ చేతులే తమ్ముడూ."

"మా నాన్న చేపలు వేలాడదీసిన చూరు ఇది."

"తెలుసు. కొత్త వరసలో మొదటి చోటు నీకు రాసిచ్చేదాకా నేను చెయ్యి ఎత్తను. కొట్టు కట్టి తాళం నీ చేతికిచ్చాకే ఇది పడగొడతారు."

"ఇస్తారు. చోటు ఇస్తారు. ఈ చోటు ఇవ్వరుగా?"

ఆమె అక్కణ్నుంచి వచ్చేసింది. నా కొట్లోకి వచ్చి పరుపుల దొంతర మీద కూర్చుంది. "వాడు అన్నది నిజమే," అంది. "నిజమని తెలిసీ చెయ్యి ఎత్తబోతున్నాను. అదే నాకు అంతుపట్టడం లేదు." టీ పెట్టి ఇచ్చాను. తాగకుండా చేతుల్లో పట్టుకుని చల్లారేదాకా కూర్చుంది.

కొత్త కొట్ల షరతు తీర్మానంలోకి ఎక్కింది. పార్కింగు పాత పట్టుగూళ్ల గోదాము ఆవరణకు మారింది. తీర్మానం బొటాబొటిగా నెగ్గింది. జీవితంలో మొదటిసారి యొమ్ దేనికీ అడ్డం చెప్పలేదు.

కొట్లు పడగొట్టిన రోజున బాంగ్ ఊళ్లో లేడు. మల్‌సూన్ మాత్రం ఉంది. గానుగ మిషనుని బండి మీదికెక్కించి, పొయ్యి ఇటుకలు తనే విప్పుకుంది. గోడ కూలుతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే సాయంత్రం దాకా వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయి.

కప్పు తీస్తే బయటపడ్డది మా చిన్ననాటి వాగు కాదు. నల్లటి నీళ్లు, సంచులు, చచ్చిన ఎలుకలు. ఎండాకాలం కంపు భరించలేక బజారంతా తలుపులు మూసుకుంది. "ఈ మురుగు కోసమా మా కార్లని అంత దూరం తోలింది?" అని మొహం మీదే అడిగారు. ఎవరూ ఊరుకోలేదు. ఆమె కౌన్సిల్‌లో మురుగు గొట్టాల గురించి మాట్లాడింది. ఇప్పుడు మాట్లాడటం వచ్చింది, కానీ వినేవాళ్లు తగ్గారు. ఎన్నికలొచ్చాయి. ఆమె మీద బాంగ్ నిలబడ్డాడు. ఈసారి తన పోస్టర్లు తనే అంటించుకున్నాడు. పెద్ద తేడాతో గెలిచాడు. ఓడిన రోజు మల్‌సూన్ బజారు మధ్యలోంచి నడిచి వస్తూ, ఓటేసిన వాళ్లకీ వెయ్యని వాళ్లకీ ఒకలాగే తల వంచి నమస్కారం పెట్టింది.

వాగు బాగుపడటానికి మరి మూడు వానాకాలాలు పట్టింది. రెల్లు దానంతటదే మొలిచింది. ఒక పొద్దున మంచులో ఏదో తెల్ల గుడ్డ ఎగిరి పడిందనుకున్నాను. అది అడుగు తీసి అడుగు వేసింది. కొంగ. దాన్ని చూస్తూ ఎంతమందిమి ఎంతసేపు గట్టు మీద నిలబడ్డామో ఇప్పుడు తలుచుకుంటే నాకు నమ్మబుద్ధి కాదు. పరుపుల బేరం మాత్రం పడిపోయింది. దాని గురించి ఫిర్యాదు ఎవరికి చెయ్యను?

మల్‌సూన్ కొత్త కొట్టు వరస చివర ఉంది. గచ్చు నేల, మంచి వెలుతురు. ఓడినా ఆమెకు కౌన్సిల్ అలవాటు పోలేదు. సమావేశం ఉన్న రోజున కొట్టు మూసి, జనం కూర్చునే వెనక వరసలో వెళ్లి కూర్చునేది. బాంగ్ ముందు కూర్చుని వెనక్కి చూసేవాడు కాదు. ఏళ్ల తరబడి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

మొన్న చలి విరిగే రోజుల్లో నేను ఆమె కొట్లోనే ఉన్నాను. బాంగ్ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. జుట్టు బాగా నెరిసింది. లోపలికి రాకుండానే అన్నాడు:

"సంత రోజున కొండ పల్లెల బస్సు గోదాము దగ్గర ఆపుతున్నారు. ముసలమ్మలు మూటలు మోసుకుంటూ అంత దూరం నడుస్తున్నారు. బజారులోకి రమ్మంటే బస్సు కంపెనీ వాడు మలుపు తిరగదంటాడు. కౌన్సిల్లో ఎవడికీ పట్టడం లేదు."

మల్‌సూన్ గరిట ఆపలేదు. "ఏ మలుపు?"

"బట్టల వరస దగ్గరది."

"అక్కడ కరెంటు స్తంభం ఉంది. స్తంభం జరిపితే తిరుగుతుంది."

"స్తంభం కరెంటాఫీసు వాళ్లది. మనది కాదు."

"అయితే ముందు వాళ్లనే పిలిపించు. లోపలికి రా, తలుపు తీసి ఉంచితే చలి. ఏ బస్సు, పెద్దదా, చిన్నదా?"

బాంగ్ చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. "పెద్దదే," అంటూ పొయ్యి దగ్గర పీట లాక్కున్నాడు. నేను లేచి వాళ్లకి బార్లీ నీళ్లు పోశాను.