అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ

మా కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా చేసే అక్క పోయిందని గురువారం పొద్దున్న ప్యూను ఫోన్ చేసి చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఇక ఆఫీసులో నన్ను మించినవాళ్లు లేరన్న ఆలోచన ముందు వచ్చింది. సిగ్గుపడుతూనే మీకు చెబుతున్నాను.

శ్రీకాకుళంలో మాది చిన్న ప్రైవేటు కాలేజీ. రాష్ట్రం విడిపోయిన ఏడాది, కంప్యూటర్ డిప్లొమా చేతపట్టుకుని అందులో చేరాను. ఆమెకు టైపు హయ్యర్ పరీక్ష పాసవడం తప్ప మరే చదువూ లేదు. మార్కుల జాబితాలు తీసే సాఫ్ట్‌వేర్ పాతది. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటితే చదవలేదు. అందుకని కొత్త కంప్యూటరు, ఫైలుకు పెట్టిన విద్యార్థి పేరును దానికోసం ఆరక్షరాలకు కత్తిరించి, చివర ఒక గుర్తు, ఒక అంకె తగిలించేది. మా వైపు అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు ఎందరో. ఇంగ్లీషులో మొదటి ఆరక్షరాలు అందరివీ ఒకటే. ఫైళ్లు వేరే కంప్యూటర్లోకి ఎక్కించేసరికి అంకెలు తారుమారై, ఒకరి మార్కులు ఇంకొకరికి వచ్చాయి.

నేను నెల్లాళ్లు తంటాలు పడ్డాను. ఆమె రెండు రోజుల్లో సర్దేసింది. ప్రతి ఫైలుకీ అడ్మిషన్ నంబరే పొట్టి పేరు. ఏ నంబరు ఎవరిదో ఒక జాబితా. దాన్ని చూసి పేర్లు మార్చి, పనయ్యాక పూర్తి పేర్లు తిరిగి పెట్టే చిన్న ప్రోగ్రాము.

"క్లాసులో పేర్లు కలిసిపోతే నంబరు పిలవమేటి?" అంది, అంతే.

ప్రిన్సిపాల్ అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒకరోజు ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఆ నంబర్ల జాబితాలో ఒక లైను తీసేశాను. మర్నాడు చేపలమ్మేవాళ్ల అమ్మాయి అప్పలనర్సమ్మ, కౌన్సెలింగ్‌కి మార్కుల జాబితా కావాలని వచ్చింది. కంప్యూటర్లో ఎంత వెతికినా దొరకలేదు. ఆ పిల్ల బెంచీ మీద బిక్కమొహం వేసుకుని కూర్చుంది. అక్క పాత రిజిస్టర్లు దించి, నంబరు వెతికి, ఆ లైను మళ్లీ కొట్టింది. బస్సు వేళకి కాగితం పిల్ల చేతిలో పెట్టింది.

సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"లైను దానంతటది పోదు తమ్ముడూ. నామీద కోపముంటే నాకు సెప్పు. పిల్లల జోలికెల్లకు."

నేను చేసింది ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఆ ప్రోగ్రాము రాయడం నాకు నేర్పింది. దానికీ కుళ్లుకున్నాను. అంత తేలిగ్గా మరిచిపోవడం నాకు చేతకాదు.

నాగావళి ఒడ్డున దహనం అయ్యాక, ఆమె భర్త జేబులోంచి ఆమె కళ్లజోడు తీసి, తువ్వాలు అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మళ్లీ తీసి తుడిచాడు.