మామయ్యకు వద్దన్న రొట్టె

ఒక మాట ఏళ్ళ తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోతుందని నాకైతే నమ్మకం లేదు. అయినా చెబుతాను. డాక్టరు అనని మాటను డాక్టరు అన్నాడని మా మామయ్యకు చెప్పాను. ఆయన నమ్మాడు. అంతే. వినడానికి ఎంత చిన్నగా ఉందో చూశారా?

మాది తాండూరు. అత్తమ్మ పోయాక మామయ్య పొలం కౌలుకిచ్చి మా ఇంటికి వచ్చేశాడు. డెబ్బై దాటిన మనిషి, అయినా పల్లీలు పటపటా నమిలేవాడు. రెండు పూటలా జొన్న రొట్టె కావాలి ఆయనకు. అన్నం ఆయన లెక్కలో తిండే కాదు. జొన్నపిండి పాతబడితే రొట్టె విరిగిపోతుందని కొద్దికొద్దిగా పట్టించుకొచ్చేవాడు. జొన్నల సంచి భుజాన వేసుకుని, స్టేషను అవతల ఉన్న పిండి గిర్నికి నడిచే పోయేవాడు. ఆటో ఎక్కమంటే నవ్వేవాడు. గిర్ని ముందు బెంచీ మీద ఆయన ఈడువాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండేవాళ్ళు. అందులో ఒకాయనది కన్నడం. ఈయనది తెలుగు. ఇద్దరూ వానల గురించి వాదులాడుకోవడానికి భాష ఎప్పుడూ అడ్డం రాలేదు. వేడి పిండిని వేళ్ళ మధ్య నలిపి చూసుకుని, దారిలో పుంటికూరో పాలకూరో కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి ఎండ ఎక్కేది. వచ్చినవాడు ఆకలి మీద వచ్చేవాడు.

ఇక నా సంగతి. మరిగే నీళ్ళు పిండిలో పోసి, చేయి చుర్రుమంటుండగానే పిసికి, ఒక్కో రొట్టె అరచేత్తో తట్టాలి. పెనం మీది నుంచి నేరుగా ఆయన పళ్ళెంలోకి రావాలి. చల్లారితే ముట్టడు. మిగతా అందరికీ అన్నం, ఆయనకొక్కడికీ ఇది. నేను ఇంట్లో కుట్టుమిషను నడిపేదాన్ని. పెళ్ళిళ్ళ కాలంలో జాకెట్లు కుప్పలు పడేవి. కుడి భుజం సలిపేది. మరి ఆ మాట ఆయనతో అనొచ్చుగా? అనలేదు. చుట్టాలొస్తే చాలు, మా కోడలి రొట్టె పూరీలెక్క పొంగుతుందని ఆయన చెప్పుకునేవాడు. నేను లోపల ఆ మాటకు ఉబ్బిపోయేదాన్ని. అంత పేరు మోసినదాన్ని, నాకు చేతకావడం లేదని ఏ నోటితో అనను?

అప్పుడే ఆయనకు కడుపుబ్బరం వచ్చింది. రైలెక్కించి వికారాబాద్ తీసుకెళ్ళి ఒక డాక్టరుకు చూపించాను. చూడటం అయ్యాక మామయ్య చెప్పుల కోసం బయటికి వెళ్ళాడు. డాక్టరు నాతో, భయపడాల్సిందేమీ లేదమ్మా, గ్యాస్ అంతే, అన్నాడు. ఆయన తిండి మార్చకండి, నడక మాన్పించకండి, ఈ వయసులో ఆయన్ని నిలబెడుతున్నవి ఆ రెండే, అని కూడా అన్నాడు. విన్నది నేనొక్కదాన్నే.

తిరుగు రైల్లో మామయ్య డాక్టరు ఏమన్నాడని అడిగాడు. ఇంటికి వెళ్ళగానే పెనం పెట్టాలి. భుజం సలుపుతోంది. జొన్న రొట్టె ఇక మీకు అరగదట, మెత్తటి అన్నం, పాలు, రవ్వజావ మాత్రమే తినాలట అన్నాను. అలా అంటానని నోరు తెరిచేదాకా నాకే తెలియదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది మరీ బాగా అతికింది. ఊళ్ళో ఎవరి మాటకైనా ఎదురు చెప్పే మనిషి డాక్టరు పేరు చెప్పగానే తల ఊపి కిటికీలోంచి కందిచేలు చూస్తూ కూర్చున్నాడు.

కొన్నాళ్ళే అనుకున్నాను, నమ్మండి. పెళ్ళిళ్ళ కాలం దాటాక, డాక్టరు మళ్ళీ తినమన్నాడని చెప్పేద్దామనుకున్నాను. కానీ సుఖానికి ఎంత త్వరగా అలవాటు పడతాం! ఒక కుక్కరు పెడితే అందరి తిండీ అయిపోతోంది. భుజం నొప్పి తగ్గింది. రేపు చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను.

నేను మాన్పించింది రొట్టె ఒక్కటే అనుకున్నాను. రొట్టె లేకపోతే పిండి అక్కర్లేదు. పిండి అక్కర్లేకపోతే గిర్ని లేదు. గిర్ని లేకపోతే ఆ నడక లేదు, ఆ బెంచీ లేదు, కన్నడం ఆయనతో కొట్లాట లేదు, కూర బేరం లేదు. మామయ్య వసారాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. చాయ్‌లో బిస్కెట్లు ముంచుకునేవాడు. ఆకలి చచ్చింది. పిక్కలు సన్నబడ్డాయి. కొన్నాళ్ళకు గోడ పట్టుకుని నడవసాగాడు. వయసు మీద పడింది కదా అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అందరికన్నా గట్టిగా నేనే అన్నాను.

ఒక రోజు పొద్దున ఆయనకు జావ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని చెవి గోడవైపు పెట్టాడు.

"పక్కింట్ల రొట్టె తడుతున్నరు బిడ్డా."

"ఔ మామా."

"ఒక్కటి తింటె ఏమైతది? ఒక్కటి గూడ వద్దు, సగం చాలు. జర పుంటికూర పెట్టుకొని తింట."

"వద్దు మామా. డాక్టర్ వద్దన్నడు గదా. అరగకుంటె మళ్ల పరేషాన్ అయితది."

"సరే తియ్యి. నీ ఫికరంత నా కోసమే గదా. పెద్ద సదువు సదివిన డాక్టర్ అన్నంక నాదేముంది?"

జావ తాగేశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం ఎవరో పలకరించడానికి వస్తే, మా కోడలు లేకుంటే నేను ఎప్పుడో పోయేవాణ్ణని చెప్పాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ విన్నాను. ఏడుపొచ్చింది. బయటికెళ్ళి చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన పోయాడు. రొట్టె తిన్నా పోయేవాడేనేమో. ఎవరు చెప్పగలరు? ఆయన చావును నేను నెత్తిన వేసుకోవడం లేదు. ఆ కొన్నేళ్ళ బతుక్కి మాత్రం నాదే బాధ్యత. నా భుజానికి దొరికిన విశ్రాంతి ఆయన కాళ్ళలోంచి తీసినదే కదా? నన్ను అన్నిటికన్నా తినేసేది మరొకటి. చేతకావడం లేదు మామా అని ఒక్క మాట అంటే చాలు, ఆయన ఒప్పుకునేవాడు. మా వైపు రోజుల తరబడి నిలవుండే కడక్ రొట్టె అమ్ముతారు. గిర్ని నుంచి వస్తూ అదే తెచ్చుకునేవాడు. పూటకొక్కటి తట్టినా సర్దుకునేవాడు. నాకు ఆయన్ని వదిలించుకోవాలని లేదు. మంచి కోడలిగానే ఉంటూ అలసిపోకుండా ఉండాలని మాత్రమే ఉంది.

ఇప్పుడు నాకూ ఆ వయసు దగ్గరపడుతోంది. షుగరు అంచున ఉన్నానన్నారు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. మొన్న డాక్టరమ్మ జొన్న రొట్టె తినమంది, ఆకుకూరలు తినమంది, రోజూ నడవమంది. అన్నం తింటుంటే నా కొడుకు అడిగాడు, తాతకు వద్దన్న రొట్టె నీకెట్లా మంచిదైందని. మా కోడలు కూడా నా ముఖం చూసింది. అప్పుడైనా చెప్పొచ్చు. డాక్టర్లు ఒక్కొక్కరు ఒక్కో తీరు చెబుతారు అన్నాను. మళ్ళీ డాక్టరు మీదికే తోశాను, చూశారా?

మర్నాడు జొన్నల సంచి నేనే భుజాన వేసుకున్నాను. స్టేషను దాటేసరికి ఆయాసం వచ్చింది. గిర్ని అదే. బెంచీ మారింది. కూర్చున్న ముసలివాళ్ళలో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. వేడి పిండి చేతిలోకి తీసుకుని ఆయనలాగే నలిపి చూశాను.

"మామా, గా మాట డాక్టర్ అనలే. నేనే అన్న."

పైకే అన్నాను. గిర్ని మోతలో ఎవరికీ వినపడలేదు. అందుకే మీకు ఇలా రాశాను.